ఇరవై ఆరు థ్రెడ్ల కప్పు

(పెన్షనర్ల దినోత్సవం నాడు మన సంఘం ఏర్పాటు చేసిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల సంగతీ, వైద్య ఖర్చుల బిల్లుల సంగతీ కార్యదర్శి గారు మాట్లాడతారు. రిటైరయ్యాక వ్యాపకం ఏమిటో చెప్పమని నన్ను అడిగారు. నాకు భజన రాదు, పేకాట మానేశాను. కాబట్టి ఒక పాత సైకిలుకు ఒక చిన్న కప్పు కోసం రెండేళ్ళు తిరిగిన సంగతి చెబుతాను. మనలో చాలామంది సైకిలు మీద డ్యూటీకి వచ్చినవాళ్ళమే గనుక విసుగు రాదనుకుంటాను.

మా నాన్నగారు ఉయ్యూరు దగ్గర బోర్డు స్కూలు టీచరు. 1951లో ఒక రైసుమిల్లు గుమాస్తా దగ్గర సెకండ్ హ్యాండులో ర్యాలీ సైకిలు కొన్నారు. అసలు ఇంగ్లండుది. ముందు బిళ్ళ మీద నాటింగ్‌హామ్ అని ఉంటుంది, చైన్ వీలులో మూడు కొంగ తలలు ఉంటాయి. మద్రాసు దగ్గర అంబత్తూరులో హెర్క్యులిస్, అసన్‌సోల్‌లో సెన్-ర్యాలీ ఇక్కడే తయారు కావడం మొదలైనా, మా ఊళ్ళో "ఇంగ్లీషు బండి" అంటే ఆ గౌరవం వేరు. లైసెన్సు బిళ్ళ, కిరసనాయిలు దీపం, డబుల్స్ వెళితే జరిమానా, అవన్నీ మీకు గుర్తుండే ఉంటాయి.

1964లో నాకు అప్రెంటిస్ సెలక్షనుకు కార్డు వచ్చింది. ఆ రోజు తెల్లవారుజామున బస్సు తప్పిపోయింది. నాన్నగారు ఒక్క మాట అనకుండా నన్ను వెనక క్యారేజీ మీద కూర్చోబెట్టుకుని, బందరు కాలువ పక్కన ఇరవై మైళ్ళు తొక్కి బెజవాడ చేర్చారు. ఊరు దగ్గర పడ్డాక పోలీసు పట్టుకుంటాడని నన్ను దింపేసి, బండి నడిపించుకుంటూ వచ్చారు. ఆయనకు అప్పుడు నలభై ఎనిమిదేళ్ళు. చొక్కా మొత్తం తడిసిపోయింది. ఆ రోజు నేను అక్కడికి చేరకపోతే ఈ పెన్షనూ లేదు, ఈ సభలో నాకు ఈ కుర్చీ కూడా లేదు.

2016లో మా తమ్ముడు ఊళ్ళో పాత ఇల్లు పడగొట్టి కట్టించాలనుకున్నాడు. పశువుల పాకలో ఆ బండి ఫ్రేము, ముందు ఫోర్కు, చైన్ వీలు బయటపడ్డాయి. పాత ఇనుము వాడు తూకం వేయడానికి సిద్ధంగా ఉన్నాడట. వాడు నాకు ఫోను చేసి, "అన్నయ్యా, ఇచ్చేయమంటావా?" అన్నాడు. నేను ఆటో మాట్లాడుకుని వెళ్ళి తెచ్చుకున్నాను. "డెబ్భై ఏళ్ళకు నీకిదేం పిచ్చి?" అని నవ్వాడు గాని, ఫ్రేము ముందు కడ్డీ మీద చెయ్యి వేసి కాసేపు అలాగే నిలబడ్డాడు. చిన్నప్పుడు వాడి చోటు అదే మరి.

చక్రాలు, పెడళ్ళు, సీటు కష్టం కాలేదు. వన్ టౌన్‌లో ఒక పాత షాపు భాయ్ వారంలో సమకూర్చాడు. చిక్కు వచ్చింది బి.బి. దగ్గర. పెడళ్ళ ఇరుసు తిరిగే అడుగు గొట్టం ఉంటుంది కదా, దానికి రెండు పక్కలా రెండు కప్పులు బిగిస్తారు. ఒక్కో కప్పులో పావు అంగుళం గుళ్ళు పదకొండు. కుడి పక్క కప్పు స్థిరంగా ఉంటుంది, దాని థ్రెడ్లు ఎడమచేతి వాటం. ఎడమ పక్కది బిగింపు సరిచేసుకునే కప్పు, దాని మీద లాక్ రింగు. కుడిది అద్దంలా ఉంది. ఎడమది పగిలిపోయింది.

భాయ్ కొత్త కప్పు ఇచ్చాడు. కిరసనాయిలు పూసి చేత్తో తిప్పితే ఒకటిన్నర చుట్టు హాయిగా వెళ్ళింది, తరువాత బిగిసింది. తుప్పు ఉందనుకున్నాను. ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. నలభై ఏళ్ళు టర్నరుగా పని చేసినవాణ్ణి. కొత్త కుర్రవాడు నట్టు బిగిసినప్పుడు పానా పెట్టి లాగితే ఎంత తిట్టేవాణ్ణో ఇక్కడున్న కొందరికి తెలుసు. నేను ఆ రోజు సరిగ్గా అదే చేశాను. పెద్ద పానా పెట్టి లాగాను. కిర్రుమంది. వెనక్కి తీసి చూస్తే గొట్టం మొదట్లో రెండు థ్రెడ్లు నలిగిపోయి ఉన్నాయి.

ఆ రాత్రి అన్నం సహించలేదు. "ఇనప ముక్క కోసమా?" అంది మా ఆవిడ. పగిలిన కప్పు పోతే మరో కప్పు దొరుకుతుంది. నాన్నగారి ఫ్రేము మరొకటి దొరకదు. దాన్ని పాడు చేసింది తుప్పు కాదు, నేను.

మర్నాడు చేయవలసిన పని చేశాను. థ్రెడ్ గేజీ తీసి పాత కప్పు మీద పెట్టాను. అంగుళానికి 26. కొత్త కప్పు అంగుళానికి 24. వ్యాసం రెండింటిదీ ఇంచుమించు ఒకటే, అంగుళం మూడు ఎనిమిదో వంతులు. అందుకే మొదట్లో పట్టుకుని మోసం చేసింది. చుట్టు చుట్టుకూ తేడా అంగుళంలో 312వ వంతు మాత్రమే, కంటికి ఆనదు. రెండు మూడు చుట్లు తిరిగేసరికి ఆ తేడా పోగుపడి బిగుసుకుంటుంది. తక్కిన ఇంగ్లీషు కంపెనీలు చాలావరకు బి.బి.కి 24 థ్రెడ్ల పద్ధతి పాటించాయి, తరువాత ప్రపంచంలో చాలామంది దానికే వచ్చారు. ర్యాలీ వారు మాత్రం దాదాపు ప్రతి భాగం తమ ఫ్యాక్టరీలోనే చేసుకునేవారు గనుక తమ 26ను పట్టుకుని కూర్చున్నారు. వాళ్ళ బండికి వాళ్ళ కప్పే పట్టాలి. వ్యాపారం వాళ్ళది, తిరుగుడు నాది.

అక్కడి నుంచి వేట. హైదరాబాదులో అమ్మాయి ఇంటికి వెళ్ళిన ప్రతిసారీ ఒక పూట దీనికే. రాణీగంజ్‌లో అడిగితే బేరింగులు చూపించారు. అఫ్జల్‌గంజ్‌లో ఒక ముసలాయన మాత్రం కప్పును వేలితో తడిమి, "ర్యాలీ హై" అన్నాడు. కప్పు ఆయన దగ్గర లేదు. లాక్ రింగు డబ్బాలోంచి వెతికి ఇచ్చి, డబ్బు పుచ్చుకోనన్నాడు. జుమేరాత్ బజారులో గురువారం ఎండలో మూడు గంటలు పాత ఇనుము కెలికాను. దొరికిన కప్పులన్నీ 24వే. గేజీ జేబులో ఉంది గనుక ఒక్కటీ కొనలేదు, అంతవరకు బుద్ధి వచ్చింది.

మా మేనల్లుడు ఇంగ్లండులో ఉంటాడు. అతను ఏదో పని మీద నాటింగ్‌హామ్ వెళ్ళి, ఫ్యాక్టరీ దగ్గర విచారించాడు. ఆ స్థలంలో కొంత భాగంలో 1999లో యూనివర్సిటీ వారి జూబిలీ క్యాంపస్ వచ్చింది, 2002 చివరికి అక్కడ సైకిళ్ళ పని పూర్తిగా ఆగిపోయింది. "మామయ్యా, ఇక్కడ పిల్లలు చదువుకుంటున్నారు, సైకిళ్ళు లేవు" అన్నాడు. అయినా ఒక పాత సామాను షాపులో ర్యాలీ కప్పు సంపాదించి పంపాడు. పార్సిలు విప్పి చూస్తే అది కుడి పక్క కప్పు! ఎడమదని నేను చెప్పలేదు. మళ్ళీ అడగడానికి మొహమాటపడ్డాను.

అప్పుడు తోచింది, చేతిలో విద్య ఉంచుకుని ఊళ్ళు తిరగడమెందుకని. ఆటోనగర్‌లో ఒక షెడ్డుకు వెళ్ళాను. అక్కడి పాత లేతుకు లీడ్ స్క్రూ అంగుళానికి 4 థ్రెడ్లు. 26 కోయాలంటే నాలుగు బై ఇరవై ఆరు, అంటే రెండు బై పదమూడు. టర్నర్లకు చెప్పనక్కర్లేదు, ఇరవై నుంచి నూట ఇరవై దాకా అయిదేసి పళ్ళ తేడాతో ఉండే గేరు చక్రాల సెట్టులో పదమూడుతో భాగించబడేది ఒక్క 65 పళ్ళ చక్రమే. ఇరవై బై అరవై అయిదు, ముప్ఫై బై అరవై, లెక్క సరిపోతుంది. తీరా సెట్టు చూస్తే అన్నీ ఉన్నాయి, అరవై అయిదు లేదు! షెడ్డు కుర్రవాడు, "దాంతో ఎప్పుడూ పని పడలేదు బాబాయ్, ఎటు పోయిందో" అన్నాడు. కప్పు కోసం తిరిగిన కాళ్ళతో ఇక చక్రం కోసం తిరిగాను. నాలుగో షెడ్డులో దొరికింది. ఒక టీకి అరువిచ్చాడు, సాయంత్రానికి తిరిగి ఇవ్వాలని షరతు.

టూలు నేనే పదును పెట్టుకున్నాను. ఇంగ్లీషు సరుకు అనగానే చెయ్యి అలవాటుగా విట్‌వర్త్ 55 డిగ్రీలకు పోతుంది. సైకిలు థ్రెడ్లకు 60 ఉండాలి. పద్నాలుగేళ్ళ తరువాత లేతు హ్యాండిలు పట్టుకున్నాను. మొదటి కోత పడేటప్పుడు చెయ్యి వణికింది, రెండో కోతకు ఆగింది. కుర్రవాడు సెల్‌ఫోను పక్కన పెట్టి చూశాడు.

మెత్తని ఉక్కుతో కోసిన కప్పు గుళ్ళ కింద నిలవదు, పై పొర గట్టిపడాలి. హీట్ ట్రీట్‌మెంట్ షాపులో బొగ్గు పొడి నింపిన పెట్టెలో పెట్టి, ఎర్రగా కాల్చి, చల్లార్చారు. మొదటి కప్పు వంకర తిరిగింది. రెండోది నిలిచింది. ముందు జాగ్రత్తగా మూడు కోశాను లెండి.

ఇక ఫ్రేములో నేను నలిపిన థ్రెడ్ల మాట. అంత సైజులో 26 థ్రెడ్ల ట్యాపు ఎక్కడా లేదు. పగిలిన పాత కప్పునే ట్యాపుగా మార్చాను. అది గట్టి ఉక్కు, రంపానికి లొంగదు. సన్నని గ్రైండింగ్ రాయితో దానికి అడ్డంగా మూడు గాళ్ళు తీసి, నూనె పోసి, అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కు, అలా ఒక పూటంతా తిప్పాను. నలిగినవి పూర్తిగా రాలేదు. ఆ రెండు థ్రెడ్ల మీద మచ్చ ఇప్పటికీ ఉంది. లోపలివి బాగున్నాయి గనుక కప్పు పట్టుకుంది. కుడి కప్పును మాత్రం తాకలేదు, బాగున్నదాన్ని విప్పే ధైర్యం చాల్లేదు.

2018 సంక్రాంతికి బండిని ఊరికి తీసుకెళ్ళాను. తమ్ముడు చూసి, "ఎక్కు అన్నయ్యా" అన్నాడు. "ముందు నువ్వు ఎక్కు" అన్నాను. వాడు కాలువ గట్టు మీద వంతెన దాకా వెళ్ళి వచ్చాడు. దిగి, "కిర్రుమనట్లేదే, నాన్న తొక్కేటప్పుడు కిర్రుమనేది" అన్నాడు. నాకది గుర్తు లేదు. వాడు ముందు కడ్డీ మీద కూర్చునేవాడు గనుక విని ఉంటాడు.

మూడోసారి కోసిన కప్పు ఒకటి నా దగ్గర మిగిలి ఉంది, మేనల్లుడు పంపిన కుడి కప్పు కూడా ఉంది. మీలో ఎవరింట్లోనైనా అటక మీద పాత ర్యాలీ ఉంటే, పానా పెట్టే ముందు గేజీ పెట్టి చూడండి. కొలతలూ, గేరు లెక్కా రాసిన కాగితం కార్యదర్శి గారి దగ్గర ఉంచాను. గేజీ కూడా అరువిస్తాను, అయితే సాయంత్రానికి తిరిగి ఇవ్వాలి.