గాజుతొట్టిలో పురిటిల్లు
(జంషెడ్‌పూరులో మన సంఘ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఇట్టి వేదికలపై కావ్యములను గూర్చియో, నాటకములను గూర్చియో ప్రసంగించుట పరిపాటి. నాకు అంతటి పాండిత్యము లేదు. "మీకు తెలిసినదే చెప్పుడు" అని కార్యదర్శిగారు సెలవిచ్చుటచే, నాకు కొంచెము తెలిసిన గప్పీ చేపపిల్లల పోషణమును గూర్చి నాలుగు మాటలు మనవి చేయుదును. మన క్వార్టర్లలో పెక్కిండ్ల గాజుతొట్లు కలవు. పిల్లలు ముచ్చటపడగా సాక్చీ బజారునుండి చేపలను తెత్తుము. నెలలోపల అవి ఈనును. నాలుగు దినములలో పిల్లలన్నియు చచ్చును. "ఇవి మనయింట అచ్చిరావు" అని తొట్టిని అటక యెక్కింతుము. నాయింటను ఇట్లే జరిగినది గనుక, లోపమెక్కడనో చెప్పుటకు నాకు ధైర్యము కలిగినది.

ముందుగా ఈ అతిథి వంశచరిత్ర. గప్పీ మన దేశపు చేప కాదు. దాని పుట్టినిల్లు దక్షిణ అమెరికా ఉత్తరభాగమును, ట్రినిడాడు ద్వీపమును. 1859లో పీటర్స్ అను జర్మను శాస్త్రజ్ఞుడు దీనిని మొదట వర్ణించెను. 1866లో బ్రిటిష్ మ్యూజియమునందలి గున్తర్ అను పండితుడు, ట్రినిడాడునుండి నమూనాలను పంపిన లెక్మియర్ గప్పీ అను నాతని పేర దీనికి మరల నామకరణము చేసెను. తరువాత శాస్త్రనామము మారినను, ఇంటిపేరు మాత్రము నిలిచిపోయినది. 1897లో మన సికింద్రాబాదునందే రొనాల్డు రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. దోమయే శత్రువని తేలినపిమ్మట, దాని పిల్లపురుగులను మ్రింగు చేపలకు గౌరవము పెరిగినది. గప్పీ అనేక దేశములకు ప్రాకుటకు అందమెంత కారణమో, ఈ ఆకలియు అంత కారణము.

ఈ చేప గ్రుడ్లు పెట్టదు. తల్లి కడుపులోనే గ్రుడ్లు పొదిగి, పిల్లలు ఈదుచు బయటికి వచ్చును. గర్భకాలము సుమారు నాలుగు వారములు. పొట్ట వెనుకభాగమున నల్లని మచ్చ పెద్దదై, పొట్ట చదరముగా కనబడినచో ప్రసవము దగ్గరపడినదని గ్రహింపవలెను. ఒక్కొక్క ఈతలో సాధారణముగా 20 మొదలు 50 వరకు పిల్లలు పుట్టును. పుట్టినప్పుడు పొడవు 6 లేక 7 మిల్లీమీటర్లు మాత్రమే.

ఇక్కడనే మొదటి ఆపద. కన్నతల్లియే పిల్లలను మ్రింగును. దానిని కఠినురాలని నిందింపరాదు. నోటికి పట్టి కదలునదెల్ల దానికి ఆహారమే. తల్లిని ముందుగా వేరొక తొట్టిలో నుంచి, ఈనినవెంటనే మొదటి తొట్టికి మరల్చుట మేలు. అంగడిలో దొరకు ఇరుకైన ప్రసవపు పెట్టెలో దినముల తరబడి బంధించినచో తల్లి బెదరి క్షీణించును. నీటిమీద అంతరతామర వేళ్లును, అడుగున జావా నాచును దట్టముగా నున్నచో పిల్లలకు అవియే కోట. నీటిని వడగట్టు యంత్రపు మూతికి స్పంజి తొడుగుట మరువరాదు. లేనిచో పిల్లలు అందులోనికి పీల్చబడును.

ఇక నాయింటి కథ. ఒక డిసెంబరు సాయంకాలమున మా గప్పీ ఈనినది. మా అమ్మాయి లెక్కించి 26 పిల్లలని తేల్చినది. నేను ఉత్సాహముతో కోడిగ్రుడ్డు పచ్చసొనను పూటపూటకు వేసితిని. మూడవనాటి ఉదయమునకు నీరు బియ్యపు కడుగువలె తెల్లబారినది. మూడు పిల్లలు మాత్రము నీటిపైకి వచ్చి నోరు తెరచుచుండెను. తక్కినవన్నియు అడుగున పడియుండెను.

"ఆకలితో చచ్చిపోయినవా, నాన్నా?" అని అమ్మాయి అడిగినది.

"కాదమ్మా, తిండి యెక్కువై చచ్చినవి" అంటిని. ఆ మాట చెప్పుటకు నాకు సిగ్గు కలిగినది.

జరిగినదేమనగా, తినగా మిగిలిన ఆహారమును, చేపల మలమును కుళ్లి అమ్మోనియా అను విషము పుట్టును. పాత తొట్టిలో ఇసుకకును, స్పంజికిని అంటియుండు సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగాను, పిదప నైట్రేటుగాను మార్చును. మొదటి రెండును కొంచెమైనను ప్రాణాంతకములు. మూడవది అంత హానికరము కాదు. ఆ జీవులు కొత్త తొట్టిలో స్థిరపడుటకు నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. నేను పిల్లలకని నాటికి నాడు శుభ్రముగా కడిగి సిద్ధపరచిన తొట్టిలో ఆ సేవకులెవరును లేరు! కావున పాత తొట్టిలోని స్పంజిని తెచ్చి కొత్త తొట్టిలో నుంచవలెను. రెండుమూడు దినముల కొకసారి నాలుగవవంతు నీటిని మార్చవలెను.

మన కుళాయినీటిలో క్లోరిను కలదు. మూతలేని బకెట్టులో ఒకటి రెండు దినము లుంచినచో అది పోవును. తొందరగలవారు ఫోటోగ్రాఫర్లు వాడు హైపోను స్వల్పముగా కలుపుదురు. కొత్తనీరు తొట్టినీటివలె వెచ్చగా నుండవలెను. పిల్లలకు 24 మొదలు 27 డిగ్రీల వేడిమి హితము. మన ఊరిలో చలికాలపు రాత్రులు 10 డిగ్రీలకు దిగువకు పోవుటయు, వేసవి పగళ్లు 40 దాటుటయు మీరెరుగుదురు. శీతకాలమున థర్మోస్టాటు గల హీటరు కావలెను. విద్యుత్తు ఆగినప్పుడు తొట్టిచుట్టును దుప్పటి కప్పవలెను. వేడినీటిలో ప్రాణవాయువు తగ్గును గనుక, వేసవిలో తొట్టిని ఎండతగులని చోటనుంచి, గాలిబుడగల యంత్రమును నడుపవలెను.

ఆహారము కొంచెము కొంచెముగా దినమునకు నాలుగైదు మారులు చాలును. మేత బిళ్లలను వ్రేళ్లమధ్య మెత్తని పొడిగా నలిపి చిటికెడు చల్లవచ్చును. ఉప్పునీటిలో ఒకటి ఒకటిన్నర దినమునకు పొదుగు ఆర్టీమియా రొయ్యపిల్లలు శ్రేష్ఠము. వానిని తిన్న పిల్లల పొట్ట నారింజరంగుగా కనబడును. పచ్చసొన వాడదలచినచో ఉడికించి, ఆవగింజంత గుడ్డలో మూటగట్టి నీట పిండవలెను. మిగిలినదానిని అరగంటలో సన్నని గొట్టముతో లాగివేయవలెను. మనము ఆఫీసునకు పోయినప్పుడు మధ్యాహ్నపు మేత ఇల్లాలి బాధ్యత యగును. ఆమెకు మోతాదు చూపని దోషము మనదే!

నాలుగైదు వారములకు మగపిల్లల క్రిందిరెక్క సన్నని పుల్లవలె మారి, రంగులు తేలును. అప్పుడే వానిని వేరుచేయవలెను. ఒకసారి మగదానితో కూడిన ఆడది బీజమును దాచుకొని, మగతోడు లేకయే కొన్ని నెలలపాటు ఈనుచుండును. ఈ సంగతి తెలియనివారి తొట్టి త్వరలో సంతయగును.

కడపటిమాట ముఖ్యమైనది. పిల్లలు ఎక్కువైనవని వానిని సువర్ణరేఖలోనో, ఖర్కాయిలోనో, ఊరి చెరువులోనో విడువకుడు. అది పుణ్యమని కొందరి భ్రమ. ఈ పరదేశపు చేప అక్కడ స్థిరపడి, మన చిన్నచేపల ఆహారమును పంచుకొనును. వాని పిల్లలను తినును. దోమల నివారణకై చేపలను విడుచుట ఆరోగ్యశాఖవారు ఆలోచించి చేయవలసిన పని. మనము మిత్రులకు పంచుదము, లేదా ఆడమగలను వేరుగా పెంచుదము.

ఫిబ్రవరిలో మా గప్పీ రెండవసారి ఈనినది. 31 పిల్లలలో 27 దక్కినవి. ఈసారి మేత డబ్బా అమ్మాయి చేతిలో నుండెను. నాకు ముట్టుటకు అనుమతి లేకపోయెను. వానిలో 20 చేపలను ఇరుగుపొరుగు వారికి పంచితిమి. ప్రతి సీసాతోపాటు "కొంచెమే వేయండి" అని అమ్మాయి తన చేతివ్రాతతో చీటీ కట్టినది. నా ప్రసంగ సారాంశమును అంతకన్న క్లుప్తముగా నేను చెప్పజాలను.