నల్లతెర మీద రాత
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"కంప్యూటరు గూర్చి నాలుగు మాటలు చెప్పండి మాస్టారూ" అని కార్యవర్గంవారు కోరారు. అది సముద్రమంత విషయం. నేను చెంబుతో ముంచుకొచ్చిన నీళ్లు మాత్రమే ఈ సభముందు పెడతాను. మౌసు లేకుండా, బొమ్మలు లేకుండా, ఒక్క మీటలతోనే నల్లతెర మీద రాసే సాధనం ఒకటుంది. దాని పేరు వీ ఐ. దాని తర్వాతి రూపం విమ్. మన పిల్లల్లో చాలామంది సర్వర్లు చూసుకునే ఉద్యోగాలకు పోతున్నారు. అక్కడ ఎదురయ్యేది ఈ నల్లతెరే. కాబట్టి ఇది వాళ్ల అన్నానికి సంబంధించిన సంగతి.

నేను టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపి, లోయరు, హయ్యరు పరీక్షలకు పిల్లల్ని తయారుచేసినవాణ్ణి. మిషన్లు మూలపడ్డాక, పెద్ద వయసులో, ఒక విద్యాసంస్థలో కంప్యూటరు ముందు కూర్చోవలసి వచ్చింది. టైపు వచ్చు కదా అని ధీమాగానే కూర్చున్నాను. ఫైలు తెరిచి రాయబోతే అక్షరాలు పడలేదు సరికదా, ఉన్నవి మాయమయ్యాయి! బయటికి రావటమూ తెలియలేదు. చివరికి కంప్యూటరు ఆపేసి, ఎవరూ చూడలేదు కదా అని చుట్టూ చూశాను.

తర్వాత తెలిసింది రహస్యం. ఈ సాధనానికి ముఖ్యంగా రెండు స్థితులున్నాయి. తెరవగానే ఉండేది ఆజ్ఞల స్థితి. అందులో ప్రతి మీటా ఒక హుకుం. రాయాలంటే ముందు చిన్న ఐ నొక్కాలి. అప్పుడు విమ్‌లో అడుగున "ఇన్సర్ట్" అని కనబడుతుంది. రాయటం అయ్యాక ఎస్కేప్ మీట నొక్కితే మళ్లీ ఆజ్ఞల స్థితికి వస్తాం. దాచాలంటే కోలన్ కొట్టి డబ్ల్యూ. బయటికి రావాలంటే కోలన్, క్యూ. రెండూ కలిపి కోలన్, డబ్ల్యూ, క్యూ. చేసింది వద్దు, ఫైలు పాతది పాతట్టే ఉండాలంటే కోలన్, క్యూ, ఆశ్చర్యార్థకం. ఈ ఒక్క ముక్క మొదటిరోజే తెలిసివుంటే నేను కంప్యూటరు ఆపేసేవాణ్ణి కాదు.

ఇదంతా ఇంత విడ్డూరంగా ఎందుకుంది అంటారా? దానికీ కారణం ఉంది. 1976లో అమెరికాలో, బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో బిల్ జాయ్ అనే విద్యార్థి దీన్ని తయారుచేశాడు. ఇంటినుంచి టెలిఫోను తీగమీద పనిచేస్తే సెకనుకు సుమారు 30 అక్షరాలే నడిచేవి. 80 అక్షరాల వరసలు 24 ఉన్న తెర పూర్తిగా నిండాలంటే నిమిషం పైనే పట్టేది. అందుకే ఒకటి రెండు అక్షరాల్లో పని తేలేలా ఆజ్ఞలు పెట్టాడు. ఆయన వాడిన ఏడీఎమ్ 3ఏ టెర్మినల్‌లో బాణం గుర్తులు హెచ్, జె, కె, ఎల్ మీటలమీదే అచ్చువేసి ఉండేవి. ఇప్పటికీ ఎడమకు హెచ్, కిందికి జె, పైకి కె, కుడికి ఎల్. టైపు నేర్చినవాళ్లకు కుడిచెయ్యి ఉండే చోటే అది!

ఆజ్ఞలకు వ్యాకరణం కూడా ఉంది. మనం "మాట తీసెయ్యి" అంటాం. ఇక్కడ క్రియ ముందు వస్తుంది. డి అంటే తీసెయ్యి, డబ్ల్యూ అంటే మాట. డి, డబ్ల్యూ కొడితే మాట పోతుంది. డి రెండుసార్లు కొడితే వరస పోతుంది. ముందు 3 చేర్చితే మూడు వరసలు. యు కొడితే చేసింది రద్దు. నాలుగు క్రియలు, నాలుగు నామవాచకాలు వస్తే పదహారు పనులు వచ్చినట్టే.

ఇక నా తప్పు చెబుతాను. పరీక్ష ఫీజు రాయితీకి అర్హులైన పిల్లల జాబితా నా చేతిలో ఉండేది. వరసకొక పేరు. ఒక సాయంత్రం ఒక పేరు పెద్దక్షరాల్లో దిద్దాను. క్యాప్స్ లాక్ తీయటం మరిచాను. ఎస్కేప్ కొట్టి, కిందికి దిగుదామని జె రెండుసార్లు నొక్కాను. చిన్న జె కిందికి దించుతుంది. పెద్ద జె కింది వరసను పై వరసతో కలిపేస్తుంది. మూడు వరసలు ఒకటైపోయాయి. నేను గడియారం చూస్తున్నానే గాని తెర చూడలేదు. జెడ్ రెండుసార్లు కొట్టాను. పెద్ద జెడ్లు రెండు కొడితే దాచి మూసేస్తుంది. ఇంటికి పోయాను.

కంప్యూటరు ముగ్గురు పిల్లల్ని ఒక్కడుగా లెక్కవేసింది. ఇద్దరి పేర్లు ఎగిరిపోయాయి. మర్నాడు ఒక దర్జీ, కుట్టు వదిలేసి వచ్చి, "మాస్టర్ సాబ్, మావాడి పేరు లేదంటున్నారు, ఫీజు కట్టమంటున్నారు" అని నిలబడ్డాడు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండుననిపించింది. ముందురోజు కాపీ ఒకటి మిగిలివుండబట్టి గడువులోగా సరిచేయగలిగాం. లేకపోతే? ఆ ప్రశ్న ఈనాటికీ నన్ను వదల్లేదు.

అందుకని పిల్లలకు మూడు మాటలు. ఫైలు ముట్టుకునేముందు కాపీ తియ్యండి. దాచేముందు తెర పైనుంచి కిందిదాకా చూడండి. అనుమానం వస్తే దాచకుండా బయటికి రండి. కరెంటు పోయినా భయపడకండి. విమ్ 200 అక్షరాలకొకసారి గాని, నాలుగు సెకన్లు చెయ్యి ఆగినప్పుడు గాని పక్కన మరో ఫైలులో రాసిపెట్టుకుంటుంది. విమ్ అని, అడ్డగీత, ఆర్, ఫైలు పేరు కొడితే చాలావరకు తిరిగొస్తుంది.

ఈ విమ్‌ను 1991లో బయటపెట్టింది నెదర్లాండ్స్‌కు చెందిన బ్రామ్ మోలెనార్. ఉచితంగానే ఇచ్చాడు. నచ్చితే ఉగాండాలోని కిబాలే ప్రాంతపు పిల్లలకు సాయం చేయండి అని మాత్రం కోరాడు. ఆయన 2023లో కన్నుమూశాడు. మనలాంటి సంఘంవాళ్లం గుర్తుపెట్టుకోదగిన మనిషి.

నేర్చుకోవటానికి పైసా ఖర్చులేదు. విమ్‌ట్యూటర్ అని కొడితే పాఠం అదే తెరుచుకుంటుంది. అరగంట పని. ఆదివారం ఉదయం సంఘం గదిలో నేను కూర్చుంటాను. పిల్లల్ని పంపండి. ఆడపిల్లల్ని తప్పకుండా పంపండి. నేను చేసిన తప్పు వాళ్లకు ముందే చూపిస్తాను, వాళ్ల ఎదుట ఏ దర్జీ అలా నిలబడే అవసరం రాకుండా.