దారిలో దిగవలసిన స్టేషన్లు

ధ్యాన వాక్యభాగములు: అపొస్తలుల కార్యములు 21:1-16, 2 తిమోతి 4:9-21

ఈ దినము మనం ధ్యానించుకోబోయే అంశం ప్రయాణం. ముఖ్యంగా ఉద్యోగ విరమణ చేసిన భార్యాభర్తల ప్రయాణం.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళివచ్చిన పెద్దలు ఒక సంగతి చెబుతుంటారు. అక్కడ రిటైరైన దంపతులు కొందరు ఇల్లులాంటి పెద్ద మోటారు బండి కొనుక్కుంటారట. దానిని ఆర్.వి. అంటారు. మంచం, పొయ్యి, స్నానాల గది అన్నీ అందులోనే. నెలల తరబడి ఊరూరా తిరుగుతూ, దారిలో పాత స్నేహితుల ఇంటి ముందు బండి ఆపి, రెండు రోజులుండి, మళ్ళీ సాగిపోతారు.

మనకు చక్రాల మీద ఇల్లు లేదు. కాని మల్కాజ్‌గిరిలో, మౌలాలీలో, లాలాగూడలో, మెట్టుగూడలో ఉన్న మీలో చాలామందికి దానికి తీసిపోని ఆస్తి ఒకటి ఉంది. అదే రైల్వే పాసు. సికింద్రాబాదు కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే 1966 అక్టోబరు 2న ఏర్పడింది. ఆ రైల్వే జీతంతో పిల్లలను చదివించి, పెళ్ళిళ్ళు చేసి, మల్కాజ్‌గిరిలో చిన్న ఇల్లు కట్టుకున్న కుటుంబాలు మన సంఘాలలో ఎన్నో ఉన్నాయి. రిటైరైన తరువాత కూడా భార్యాభర్తలిద్దరూ పాసు మీద ప్రయాణం చేస్తారు. దారిలో దిగి మళ్ళీ ఎక్కే వీలు, అంటే బ్రేక్ జర్నీ, ఉందని నాకంటే మీకే బాగా తెలుసు.

నేను మిమ్మల్ని అడిగే ప్రశ్న ఒక్కటే. ఇన్నేళ్ళుగా ఆ దారిలో పోతూ వస్తూ ఉన్నారు కదా, ఎన్నడైనా దారిలో దిగారా?

ప్రియులారా, అపొస్తలుల కార్యములు 21వ అధ్యాయంలో పౌలు చేసిన ప్రయాణం చూడండి. ఆయన తీరిక ఉండి తిరుగుతున్నవాడు కాడు. పెంతెకొస్తు పండుగకు యెరూషలేములో ఉండాలని త్వరపడుతున్నాడని 20వ అధ్యాయంలోనే చదువుతాము. అయినా తూరులో ఓడ సరుకు దించుతుండగా, అక్కడి శిష్యులను వెదకి కనుగొని, వారితో ఏడు దినాలు ఉన్నాడు. బయలుదేరే రోజున వాళ్ళు భార్యాబిడ్డలతో సహా పట్టణం వెలుపలికి వచ్చి, సముద్రతీరాన మోకాళ్ళూని ప్రార్థించి సాగనంపారు. తరువాత ప్తొలెమాయిలో ఒక్క దినం. తరువాత కైసరయలో ఫిలిప్పు ఇల్లు. ఆ పైన కుప్రకు చెందిన మ్నాసోను అనే పాత శిష్యుని ఆతిథ్యం. గమ్యం యెరూషలేమే. కాని దారి పొడుగునా ఆయనకు తెలిసిన తలుపులు ఉన్నాయి. ఆయన వాటిని తట్టకుండా ముందుకు పోలేదు.

మన సంఘాలలోని ఒక దంపతుల సంగతి మీకు చెప్పాలి. ఆయన రైల్వేలో పనిచేసి, దోర్నకల్, మధిర, బెజవాడల్లో కాపురముండి, చివరికి సికింద్రాబాదులో రిటైరయ్యారు. తరువాత ఏడాదికి రెండుసార్లు బెజవాడ దాటి బంధువుల ఇళ్ళకు వెళ్ళేవారు. ఎప్పుడూ రాత్రి బండే. ఎక్కడం, దుప్పటి కప్పుకోవడం, తెల్లవారి దిగడం. ఒకసారి బండి ఏదో సిగ్నలు దగ్గర ఆగింది. ఆమెకు మెలకువ వచ్చి కిటికీలోంచి చూస్తే దోర్నకల్ బోర్డు కనిపించింది. తెల్లవారాక భర్తతో అన్నదట, "ఏమండీ, మన పెద్దాడు పుట్టిన ఊరిని మనం నిద్రలో దాటిపోతున్నాం."

ఆ మాట ఆయనను తాకింది. ఇంటికి వచ్చి ఒక నోటు పుస్తకంలో స్టేషన్ల వారీగా పేర్లు రాసుకున్నారు. ఈసారి పగటి బండి ఎక్కారు. ఊరికి ఒకటి రెండు రోజులు చొప్పున దిగుతూ వెళ్ళారు.

దోర్నకల్‌లో ఒకప్పుడు పక్క క్వార్టరులో ఉన్న స్నేహితుడు పక్షవాతంతో రెండేళ్ళుగా మంచం మీద ఉన్నాడు. మాట పోయింది. ఈయనను చూడగానే చెయ్యి పట్టుకుని, సాయంత్రం దాకా వదలలేదు. ఆయన భార్య, "అన్నయ్యగారూ, మందులిచ్చేవాళ్ళు వస్తున్నారు, పెన్షను కాగితాలవాళ్ళు వస్తున్నారు. ఊరికే కూర్చోడానికి వచ్చింది మీరే" అన్నదట.

మధిరలో దిగేసరికి ఆ స్నేహితుడు కన్నుమూసి నాలుగు నెలలైంది. ఎవరూ కబురు చెప్పలేదు. ఎవరి దగ్గరా వీళ్ళ నంబరు లేదు. ఆ ఇంటి ఇల్లాలు ఏడ్చి, "మిమ్మల్ని తలచుకునేవారు వదినా, వస్తారేమో అనేవారు" అంది. ఆ మాటకు వాళ్ళ దగ్గర జవాబు లేదు.

బెజవాడలో ఉన్నవాడితో పందొమ్మిదేళ్ళుగా మాటల్లేవు. ప్రమోషను విషయంలో వచ్చిన తగాదా. ఆ ఇంటి గేటు దగ్గర ఈయన చాలాసేపు నిలబడ్డారు. లోపలికి పిలిచారు, కాఫీ ఇచ్చారు, మాటలు మాత్రం పొడిపొడిగానే సాగాయి. క్షమాపణలు, కౌగిలింతలు ఏమీ జరగలేదు. కాని మర్నాడు ఆ స్నేహితుడు స్టేషనుకు వచ్చాడు. బండి కదిలేదాకా కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాడు.

ప్రియ శ్రోతలారా, ఈ దోర్నకల్ మాట వచ్చినప్పుడు మరొకరిని జ్ఞాపకం చేసుకోకుండా ఉండలేము. తిరునెల్వేలి ప్రాంతం నుండి మన తెలుగు నేలకు సేవకుడై వచ్చిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు. 1910లో స్కాట్లాండులోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. ఆ సభలో ఆయన లేచి, పాశ్చాత్య మిషనరీల త్యాగాలను గౌరవిస్తూనే, మాకు కావలసింది ఇంకొకటి ఉంది, మాకు స్నేహితులు కావాలి అనే భావంతో ముగించారు. ధనం అడగలేదు, భవనాలు అడగలేదు. సమానంగా ప్రక్కన కూర్చునే స్నేహం అడిగారు. 1912 డిసెంబరు 29న ఆయన మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్పుగా అభిషేకం పొందారు. తెలుగు నేర్చుకుని, ఎడ్లబండి మీద పల్లెపల్లెకూ తిరిగారు. భార్య అన్బు గారు ఆ పరిచర్యలో తోడుగా నిలిచారు. మన తార్నాక ప్రక్కన ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల భవనం ప్రారంభమైన 1939లోనే దోర్నకల్ కెథడ్రల్ ప్రతిష్ఠ కూడా జరిగింది. 1945 జనవరి 1న ఆయన ఆ దోర్నకల్‌లోనే కన్నుమూశారు. ఆ కెథడ్రల్‌ను చూడడానికి దిగేవారు ఉన్నారు, మంచిదే. కాని ఆయన అడిగింది స్నేహితులను అని మరచిపోవద్దు.

ఇప్పుడు మూడు విషయాలు మనం నేర్చుకుందాం.

మొదటిది, ఆలస్యం చేయకండి. రెండవ తిమోతి పత్రిక 4వ అధ్యాయంలో వృద్ధుడైన పౌలు చెరసాలలో ఉన్నాడు. కొందరు విడిచిపోయారు, లూకా ఒక్కడే దగ్గరున్నాడు. త్రోయలో కర్పు ఇంట వదలిన అంగీ తెమ్మని, పుస్తకాలు తెమ్మని తిమోతికి రాస్తున్నాడు. చలికాలం మొదలయ్యేలోపు రమ్మని ప్రత్యేకంగా కోరుతున్నాడు. ఎందుకు? ఆ రోజుల్లో మధ్యధరా సముద్రం మీద చలికాలమంతా ఓడలు దాదాపు నడిచేవి కావు. ఆ గడువు దాటితే మళ్ళీ వసంతమే. వసంతం వరకు తాను ఉంటాడో లేడో పౌలుకు తెలియదు. మీ పాత స్నేహితుల జీవితంలో కూడా అలాంటి గడువు ఉంది. డెబ్బై దాటిన వారికి "వచ్చే ఏడు చూద్దాం" అనే మాట చెప్పవద్దు.

రెండవది, తెగిన చోటికి కూడా వెళ్ళండి. కైసరయలో పౌలుకు చోటిచ్చిన ఫిలిప్పు ఎవరు? స్తెఫనుతో పాటు ఏర్పరచబడిన ఏడుగురిలో ఒకడు. స్తెఫను చంపబడినప్పుడు సౌలు దానికి సమ్మతించాడు. ఆ దినాన చెలరేగిన హింసకే ఫిలిప్పు యెరూషలేము విడిచి చెదరిపోయాడు. తన మిత్రుని చావును సమ్మతించినవాడు ఇప్పుడు తన ఇంట అతిథి! ఆ మొదటి రాత్రి వాళ్ళిద్దరూ ఏమి మాట్లాడుకున్నారో బైబిలు చెప్పలేదు. అనేక దినాలు ఆ ఇంట ఉన్నారని మాత్రం చెప్పింది. ఒక్క కాఫీతో అంతా సరిపోతుందని ఆశించకండి. గేటు తీసి లోపలికి వెళ్ళడం మీ వంతు, మిగిలినది దేవుని వంతు.

మూడవది, వెళ్ళినప్పుడు తక్కువ మాట్లాడండి. యోబు స్నేహితులు ఏడు దినాలు నేలమీద అతనితో మౌనంగా కూర్చున్నారు. వాళ్ళు చేసిన మేలంతా ఆ ఏడు దినాలలోనే ఉంది. నోరు తెరిచాక నొప్పించారు. కనుక ముందు ఫోను చేసి వెళ్ళండి. ఆ ఇంటివారి మీద వంట భారం వేయకండి. మీ పిల్లల జీతాలు చెప్పకండి. మంచం మీద ఉన్న మనిషి ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టకండి. పక్కన కూర్చోండి, చెయ్యి పట్టుకోండి, చిన్న ప్రార్థన చేయండి, అడిగితే పాత సంగతులు చెప్పండి.

"అయ్యా, నాకు పాసు లేదు, మోకాళ్ళ నొప్పి, ఎక్కడికీ పోలేను" అనే శ్రోతలు ఉంటారు. మీ స్టేషను పక్క వీధిలోనే ఉందేమో చూడండి. ఉస్మానియా క్యాంపస్‌లో రోజూ ఉదయం నడిచే విశ్రాంత అధ్యాపకులు, ఉద్యోగులు ఉన్నారు. మూడు వారాలుగా బెంచీ మీద ఒకరి చోటు ఖాళీగా ఉంటే, ఆయన ఇల్లు తార్నాకలో ఎక్కడో మీకు తెలుసా? అదే మీ దోర్నకల్. మల్కాజ్‌గిరి నుండి తార్నాకకు ఎంత దూరం? అమ్మలారా, తెలంగాణలో 2023 డిసెంబరులో స్త్రీలకు ఆర్టీసీ ప్రయాణం ఉచితమైంది, టికెట్టు సాకు కూడా లేదు. నిజంగా కదలలేనివారు మ్నాసోనులా తలుపు తీసి ఉంచండి. వచ్చేవారికి ఒక కుర్చీ, ఒక గ్లాసు మంచినీళ్ళు. అది కూడా పరిచర్యే.

అకుల, ప్రిస్కిల్ల అనే దంపతులు డేరాలు కుట్టి బ్రతికారు. రోమా విడిచి కొరింథుకు, అక్కడి నుండి ఎఫెసుకు, మళ్ళీ రోమాకు, ఇలా ఊరు మారుతూనే ఉన్నారు. ఎక్కడున్నా వారి ఇల్లు స్నేహితులకు తెరిచే ఉంది. భార్యాభర్తలు కలిసి ప్రయాణం చేయడానికి దేవుడు మీకిచ్చిన ఈ సంవత్సరాలు విశ్రాంతి కోసం మాత్రమే కాదు. మీ చిన్ననాటి, మీ ఉద్యోగకాలపు స్నేహితులకు మీరు ఇంకా బాకీ ఉన్నారు. ఈ సాయంత్రం ఒక కాగితం తీసుకుని ముగ్గురి పేర్లు రాయండి. వారిలో ఒకరికి రేపే ఫోను చేయండి.

ప్రార్థన చేసుకుందాం.

ప్రేమగల మా తండ్రీ, మమ్మల్ని వెదకుతూ మా యొద్దకు వచ్చిన దేవుడవు నీవే. మేము నిద్రలో దాటిపోయిన వారిని మాకు జ్ఞాపకం చేయుము. మంచం మీద ఉన్నవారిని, ఎదురుచూచి అలసినవారిని, మాతో మాట తెగినవారిని నీ చేతికి అప్పగిస్తున్నాము. వారి గుమ్మం వరకు నడిచే బలము, అక్కడ నోటిని కాచుకొనే జ్ఞానము మాకు దయచేయుము. ప్రయాణంలో ఉన్న ప్రతి వృద్ధ దంపతులను క్షేమంగా నడిపించుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.