శిబిరానికి వచ్చినవారెందరు?

మా శిబిరంలో పిల్లలు చదవడం నేర్చుకున్నారని ఒక స్వచ్ఛంద సంస్థ చెబితే మీరేమడగాలి? శిబిరం లేకున్నా ఆ మాత్రం నేర్చుకునేవారా అని. కొత్త ఎరువు వేసిన మడి పక్కనే వేయని మడిని ఎందుకు ఉంచుతామో మీకు తెలుసు. ఇదీ అంతే.

ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో 2005-06లో ప్రథమ్ సంస్థ పనిని అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితర ఆర్థికవేత్తలు ఇలాగే పరీక్షించారు. 280 గ్రామాలను లాటరీ పద్ధతిలో నాలుగు వర్గాలుగా విభజించారు. ఒక వర్గంలో ఏ కార్యక్రమమూ లేదు. రెండింటిలో చదువు గురించి గ్రామస్థులతో సమావేశాలు, పిల్లలను పరీక్షించే శిక్షణ వంటివి జరిగాయి. నాలుగోదానిలో వీటికి తోడు స్థానిక వాలంటీర్లు బడి వేళల తర్వాత చదువు శిబిరాలు నడిపారు.

సమావేశాల వల్ల బడిలో చదువేమీ మెరుగుపడలేదు. శిబిరాలకు వచ్చిన పిల్లలు మాత్రం నిజంగానే చదవడం నేర్చుకున్నారు. కానీ ఎందరు వచ్చారు? ఆ గ్రామాల పిల్లల్లో నూటికి 8 మంది! బొత్తిగా చదవడం రానివారిలోనూ నూటికి 13 మందే. వచ్చినవారిని మాత్రమే లెక్కించి ఉంటే అద్భుత విజయమని నివేదిక రాసుకోవచ్చు (అలా రాసుకునేవారు లేకపోలేదు).

బోధన పద్ధతిలో లోపం లేదు, పిల్లలు అక్కడికి రావడం లేదు. అందుకే తర్వాతి ప్రయత్నాలు బడి వేళల్లోకి మారాయి. 2012-13లో హర్యానాలో ప్రభుత్వ ఉపాధ్యాయులే రోజుకొక గంట, పిల్లలను తరగతిని బట్టి కాక చదవగల స్థాయిని బట్టి కూర్చోబెట్టి హిందీ నేర్పారు. ఫలితం కనిపించింది. అక్కడా పోలిక కోసం కొన్ని బడులను విడిగా ఉంచారు.