పరిశోధన వ్యాసాన్ని పదిమందికి వినిపించడం

పరిశోధనశాలల్లో ఒక ఆచారం ఉన్నది. వారానికొక పూట ఎవరో ఒకరు లేచి, ఇతరులు ప్రకటించిన వ్యాసమొకటి చదివి తోటివారికి వివరిస్తారు. దీనిని జర్నల్ క్లబ్బు అంటారు. 1875లో మాంట్రియల్ నగరంలో విలియం ఆస్లర్ అనే వైద్యుడు ఇటువంటి క్లబ్బును పెట్టినది, ఒక్కరు చందా కట్టలేని పత్రికలను నలుగురూ కలిసి తెప్పించుకొనడానికి. నేడు పత్రికలకు కొదవ లేదు. నిగ్గు తేల్చి చదివేవారికే కొదవ.

ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలలో చదివిన యువకుడొకడు అటువంటి గోష్ఠిలో గొర్రెల నీలినాలుక వ్యాధిని గురించి ప్రసంగించవలసి వచ్చినదనుకొందాం. జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో మందలను నమ్ముకొన్నవారికి ఈ మూతివాపు జబ్బు వేళాకోళం కాదు. అతడు ఎన్నుకొన్నది దక్షిణాఫ్రికాలో డు టాయ్ 1944లో ప్రకటించిన వ్యాసం. దానిని వరుసగా అప్పగించి, "సన్నదోమ వలన వ్యాధి వ్యాపించును" అని ముగిస్తే అందరూ తల ఊపుతారు. ఆ పూట వృథా అనే నా అభిప్రాయం.

ఆ మాట ఎట్లా తేలినదో చెప్పవలె. డు టాయ్ మొదట క్యూలికాయిడిస్ అనే సన్నదోమలను పట్టి, నూరి, ఆ ద్రవాన్ని గొర్రెలకు ఎక్కించగా వ్యాధి వచ్చినది. ప్రసంగకర్త ఇక్కడ ఆగవలె. దోమ ఒడలిలో వ్యాధిబీజం ఉన్నదని దీనివలన తేలినదే గాని, కాటు వలన అంటునని తేలలేదు. రోగి రక్తం త్రాగిన ఏ కీటకంలోనైనా ఆ బీజం కొంతసేపు ఉండవచ్చును గదా! అందుకే జబ్బుగొర్రెను కుట్టిన దోమలను కొన్నాళ్లుంచి, వేరొక గొర్రెను కుట్టించినాడు. దానికీ సోకినది. ఈ రెండు మెట్ల నడుమ తేడాను వినేవారికి పట్టించగలిగితే సగం పని అయినట్లే. ఆపైన ప్రశ్నలు: ఎన్ని గొర్రెలు? దోమ కుట్టని గొర్రెలను పోల్చి చూడడానికి విడిగా ఉంచినారా? అక్కడి దోమ, మన వంకల ప్రక్కన పుట్టే దోమ ఒకటేనా? వీటిని దాటవేస్తే, తప్పుడు సలహాకు డబ్బు ఖర్చుపెట్టేది కాపరి.

పటాల సంగతి ఒకటి. రేడియోలో మాకు పటం చూపే భాగ్యం లేదు గనుక, మాటతోనే చూపడం అలవాటైనది. తెరమీద పటం పడగానే ఫలితానికి పరుగెత్తరాదు. అడ్డగీత దేనిని కొలుచును, నిలువుగీత దేనిని కొలుచును అని ముందు చెప్పవలె.

మీ ఇంటిలో అటువంటి విద్యార్థి ఉంటే, ముందురోజు రాత్రి మందలు తెలిసిన పెద్దవారి ఎదుట చెప్పి చూడమనండి. "వానలు లేని నెలల్లో ఆ జబ్బు ఎక్కడ దాగి ఉంటుందిరా, అబ్బీ?" అని ఆయన అడిగితే, ఆ ప్రశ్నను కాగితం మీద వ్రాసికొని గోష్ఠికి తీసికొనిపోవలె.