సియాటెల్ మూడో డిస్ట్రిక్ట్

అమెరికాలోని సియాటెల్ నగర మండలి మూడో డిస్ట్రిక్ట్ తూర్పున వాషింగ్టన్ సరస్సు దాకా పరచుకుంది. కుర్రకారుతో సందడిగా ఉండే క్యాపిటల్ హిల్, నల్లజాతివారి పాత నివాసం సెంట్రల్ డిస్ట్రిక్ట్, సరస్సు ఒడ్డున సంపన్నుల మాడిసన్ పార్క్ దీని కిందికే వస్తాయి. ఇంత పొంతనలేని పేటలకు ఒకే ప్రతినిధి కావడమే ఇక్కడి పోటీకి ఉప్పూకారం.

2013లో ఓటర్లు ఆమోదించిన మార్పుతో, 2015 నుంచి తొమ్మిది స్థానాల్లో ఏడు ప్రాంతాలవారీ అయ్యాయి. ఆ తొలి ఎన్నికలో ఇక్కడ గెలిచింది పుణేలో పుట్టిన సోషలిస్టు క్షమా సావంత్. 2019లోనూ ఆమెదే గెలుపు. 2021 డిసెంబరులో ఆమెను దింపేయడానికి జరిగిన రీకాల్ ఓటింగ్‌లో మాత్రం సుమారు 300 ఓట్ల తేడాతో గట్టెక్కారు. 2023 ఫిబ్రవరిలో ఆమె ప్రతిపాదనతోనే సియాటెల్ కులవివక్షను నిషేధించింది. అమెరికా నగరాల్లో అదే మొదటిది. ఆ ఏడాది ఆమె పోటీకి దిగలేదు. జాయ్ హాలింగ్స్‌వర్త్ గెలిచారు.