వేలు పోయినా హక్కు పోదు
(బోధన్ శక్కర్‌నగర్ వాడలో చేసిన ప్రసంగ పాఠం)



ఏకలవ్యుని బొటనవేలు గురుదక్షిణ పేరుతో పోయింది. మన వేళ్లు పని పేరుతో పోతున్నయి. మా ఇంట్ల ఒక పెద్దమనిషికి మిల్లుల మిషన్ కింద నాలుగు వేళ్లు పోయినయి. మూడు నెలలు మంచంల ఉండి తిరిగి పోతే ఊడ్చే పనికి పెట్టి సగం జీతం ఇచ్చిండ్రు. "తీసేయలేదు, మంచి సేటు" అని దండం పెట్టినం. చదువుకున్నోళ్లమై ఉండి కూడా మేం హక్కును దయ అనుకున్నం. సిగ్గుతో చెప్తున్నం.

చట్టం ఏమంటది? కార్మికుల నష్టపరిహార చట్టం 1923లోనే వచ్చింది. 2025 నవంబరు 21 నుంచి అది సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది. పని చేస్తుండగా దెబ్బ తగిలి మంచంల ఉంటే, 15 రోజులకోసారి నెల జీతంలో 25 శాతం యజమాని ఇయ్యాలె. అంటే సగం జీతం. దవాఖాన ఖర్చు వేరే. బొటనవేలు పోతే సంపాదించే శక్తి 30 శాతం పోయినట్టు, ఒక చేతి నాలుగు వేళ్లు పోతే 50 శాతం పోయినట్టు లెక్క. వయసు, జీతం చూసి ఆ లెక్కన పైకం ఒకేసారి కట్టాలె. ఈఎస్ఐ ఉన్నోళ్లకు ఈఎస్ఐ ఇస్తది.

ఒక్క మాట గుర్తుంచుకోండి. తిరిగి పని ఇచ్చినంత మాత్రాన పరిహారం తీరదు. పని వేరే, పరిహారం వేరే. "మేస్త్రి తెచ్చిన మనిషి, మాకు సంబంధం లేదు" అంటే చెల్లదు. కాంట్రాక్టరు తెచ్చినా అసలు యజమాని బాధ్యుడే.

మరి పాత జీతం సంగతి? కొలువులో ఉండగా అంగవైకల్యం వస్తే తీసేయొద్దు, హోదా తగ్గించొద్దు, అదే జీతంతో వేరే పని ఇయ్యాలె అని 1995 వికలాంగుల చట్టం 47వ సెక్షన్ చెప్పింది. 2016 చట్టం 20వ సెక్షన్ కూడా అదే అంటది. కానీ ఇది సర్కారు సంస్థలకే. రంగులు గుర్తుపట్టలేడని ఇంటికి పంపిన ఆర్టీసీ డ్రైవరుకు అదే జీతం గ్రేడులో వేరే పని ఇయ్యమని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. 1979లో కార్మికులు చేసుకున్న ఒప్పందమే అతనికి అక్కరకొచ్చింది.

మన నిజాం షుగర్స్ 1937లో పుట్టింది. సర్కారు కంపెనీగా ఉన్నన్నాళ్లు 47వ సెక్షన్ దాని గేటు లోపల కూడా ఉండె. 2002లో 51 శాతం వాటా ప్రైవేటుకు పోయింది, ఆ కాపుదల కూడా పోయింది. 2015 డిసెంబరులో గేటే మూసిండ్రు. ప్రైవేటీకరణతో పోయింది మన రిజర్వేషన్ ఒక్కటే అనుకోవద్దు. దెబ్బతిన్న చేతికి దక్కే జీతం కూడా పోయింది.

అందుకే దెబ్బ తగిలిన రోజే తేదీ, జాగ, చూసినోళ్ల పేర్లు రాయించండి. దవాఖాన చీటీలు దాచండి. హాజరు, కూలి లెక్క రాసుకోండి. చదివించుకోకుండా వేలిముద్ర వేయొద్దు. ఆలస్యం చేయకుండా నిజామాబాద్ కార్మిక శాఖ ఆఫీసుకు పది మందిమి కలిసి పోదాం. దరఖాస్తు రాసేతందుకు మేం పంతుళ్లం ఉన్నం.

బాబాసాహెబ్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక శాఖ నడిపిండు. కూలి హక్కు, కుల విముక్తి ఒక్క తొవ్వనే. సర్కారు నౌకరుకు ఉన్న జీతం కాపుదల ప్రైవేటు మిల్లు కూలికి కూడా కావాలె. ఇదే మన డిమాండు.

జై భీమ్!